ఆ కాలేజీ పేరు ఎప్పుడు చెప్పాలి?

గురజాడ వారి గిరీశాన్ని ఎరుగని తెలుగు పాఠకుడు అరుదు. ఎదుటివారి ముందు తన పాండిత్యాన్ని స్థాపించుకోవలసి వచ్చినప్పుడు ఆయన పూనా డెక్కన్ కాలేజీ పేరు ఎత్తుతాడు. అక్కడ చదివే రోజులలో గంటల తరబడి ఉపన్యసించి ప్రొఫెసర్లనే నిర్ఘాంతపరచినట్లు చెప్పుకుంటాడు. విజయనగరం నుండి పూనా దాకా పోయి నిజానిజాలు విచారించి వచ్చే ఓపిక ఎవరికున్నది? 1909 నాటి ‘కన్యాశుల్కం’ కూర్పు చదివి నవ్వుకున్నవారందరికీ ఒక సంగతి తెలిసిపోయింది. పెద్ద కాలేజీ పేరు చలామణీలో ఉన్న నాణెం వంటిది. దానిని బయటికి తీసే తీరును బట్టి తీసినవాడి తాహతు ఇట్టే పట్టుబడుతుంది.

ఆ నాణెం మన దేశంలో అత్యధికంగా చలామణీ అయిన నగరం కలకత్తా. (2001 నుండి అధికారికంగా కోల్‌కతా అంటున్నా, పాతతరం వారి నోట కలకత్తాయే.) అక్కడ కాలేజ్ స్ట్రీట్ అనే వీధికి ఆ పేరు ఊరకే రాలేదు. 1817 జనవరి 20న చిత్పూరు ప్రాంతంలోని ఒక అద్దె ఇంట హిందూ కాలేజీ ప్రారంభమైనది. 1855లో అది ప్రభుత్వం చేతిలో ప్రెసిడెన్సీ కాలేజీగా మారింది. 2010లో విశ్వవిద్యాలయమైనది. దాని చుట్టుపక్కలనే సంస్కృత కళాశాల, మెడికల్ కాలేజీ, కలకత్తా విశ్వవిద్యాలయం, ఫుట్‌పాత్ పొడవునా పాతపుస్తకాల దుకాణాలు. ఎదుటి సందులో కాఫీ హౌస్. అక్కడ పాలు కలపని నల్లకాఫీని ‘ఇన్‌ఫ్యూజన్’ అంటారు; ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా కసిరేవారు లేరు. బెంగాలీలు ‘అడ్డా’ అని పిలుచుకొనే కబుర్ల గోష్ఠికి అది పుట్టినిల్లు కాకపోయినా అత్తవారిల్లు మాత్రం నిశ్చయంగా అవును.

సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా, మహలనోబిస్, సత్యజిత్ రాయ్, జ్యోతిబసు, అమర్త్యసేన్, అభిజిత్ బెనర్జీ – ఇందరు చదివిన చోటును గురించి గర్వం ఉండకూడదని ఎవరూ అనరు. ఉండకపోతేనే వింత. ఆ గర్వాన్ని నలుగురిలో ఎలా ధరించాలన్నదే ప్రశ్న. కలకత్తా భద్రలోకం దీనికి ఎక్కడా వ్రాసిపెట్టని ఒక మర్యాదను ఏర్పరచుకున్నది.

ఆ మర్యాద ప్రకారం కాలేజీ పేరు తనంతట తాను చెప్పకూడదు, అడిగితే దాచకూడదు. ఈ రెండవ భాగం మొదటిదాని కంటే కష్టం. “ఎక్కడ చదివారు?” అని అడిగితే “కాలేజ్ స్ట్రీట్ వైపు” అని నసిగేవారు ఉన్నారు. ఇది వినయమని వారి ఉద్దేశం. వినేవాడికి మాత్రం ఊహించుకొని ఆశ్చర్యపడే భారం మిగులుతుంది. ఈ రోగం కలకత్తాకే పరిమితం కాదు. అమెరికాలో హార్వర్డు పట్టభద్రులు “బోస్టన్‌లో చదివాను” అని చెప్పి ఊరకుంటారన్న పరిహాసం ఎంతోకాలంగా ఉన్నది. ఆ పేరు పలికితే సంభాషణ మీద బాంబు పడినట్లవుతుందని వారి భయమట! ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు వారు కేంబ్రిడ్జిని పేరు పెట్టి పిలవరు, “ఆ రెండవ చోటు” అంటారు. కేంబ్రిడ్జి వారూ అదే మర్యాద తిరిగి చెల్లిస్తారు. పేరు దాచడంలోనూ ఒక ప్రదర్శన ఉన్నది. ఇంతకంటే “ప్రెసిడెన్సీలో చదివాను, మరి మీరో?” అని సూటిగా చెప్పి, ఎదుటివాడి జవాబును అంతే శ్రద్ధగా వినడం మంచి నడవడి అనిపించుకుంటుంది.

ఒకే కాలేజీ వారిద్దరు కలిసినప్పుడు మరో రకం చిక్కు. వయసులో పెద్దవారి పేరు చివర ‘దా’ అనీ, స్త్రీ అయితే ‘ది’ అనీ చేర్చి పిలవడం బెంగాలీ కాలేజీల వరుస. ఏ సంవత్సరం, ఏ శాఖ అన్నవి తెలిసిన మరుక్షణం ముక్కూమొగం ఎరుగని ఇద్దరూ అన్నదమ్ములైపోతారు. ఇంతవరకూ ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ గదిలో మూడవ మనిషి ఉంటాడు. ఆయన అదే నగరంలో పేరులేని కాలేజీలో సాయంత్రం తరగతులకు పోయి, పగలు గుమాస్తాగిరీ చేసి డిగ్రీ తెచ్చుకున్నవాడు కావచ్చు. ప్రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టి రెండు మార్కులతో తప్పిపోయినవాడూ కావచ్చు. పదిహేడేళ్ళ వయసులో పోయిన ఆ రెండు మార్కులు యాభై ఏళ్ళు వచ్చినా మనిషిని వదలవు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి సీటు వచ్చి మరొకరికి రాకపోతే, ఆ ఇంట భోజనాల వేళ కాలేజీ ప్రసంగమే రానివ్వని తల్లులుంటారు. మర్యాద అంతా ఆ మూడవ మనిషి కోసమే పుట్టింది. అన్నదమ్ములైన ఇద్దరికీ అది అక్కరలేదు.

రాజేంద్రప్రసాద్ తన ఆత్మకథలో చెప్పుకున్న ఒక ముచ్చట ఇక్కడ తలచుకోదగినది. 1902లో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఆయన ప్రథముడిగా నెగ్గారు. ఆనాడు ఆ విశ్వవిద్యాలయం పరిధి బెంగాలుకే పరిమితం కాదు. బీహారు పల్లెటూరి నుండి వచ్చిన ఆ కుర్రవాడు పైజామా, టోపీ వేసుకొని ప్రెసిడెన్సీలో తొలి తరగతికి వెళ్ళాడు. కోటు, టోపీలు ధరించిన కొందరిని చూసి దొరల బిడ్డలేమో అనుకున్నాడు. హాజరు పిలిచినప్పుడు వారి పేర్లు విని గాని వారు తనవంటి హిందూదేశస్థులేనని తెలియలేదు. హాజరులో తన వంతు రాకపోవడంతో లేచి ఆ సంగతి చెప్పాడు. వేషం చూసిన అధ్యాపకుడు, ఆ తరగతికే వచ్చే మదరసా విద్యార్థులలో ఒకడనుకొని, వారి హాజరు ఇంకా పిలవలేదన్నాడు. తాను మదరసా విద్యార్థిని కానని కుర్రవాడు చెప్పగా పేరడిగాడు. రాజేంద్రప్రసాద్ అనగానే తరగతి యావత్తూ వెనుదిరిగి చూసింది. ఆ ఏటి ప్రథముడి పేరు అందరికీ తెలుసు, మనిషినే ఎవరూ ఎరుగరు. అడిగిన తరువాత చెప్పిన పేరుకు ఉండే బరువు అటువంటిది.

అదే కాలేజీలో జగదీశ్ చంద్రబోస్ చూపిన గర్వం వేరు తరహాది. 1885లో ఆయన భౌతికశాస్త్రం బోధించడానికి చేరినప్పుడు భారతీయ అధ్యాపకుల జీతం ఐరోపీయుల జీతం కంటే తక్కువ. ఆయన వాదులాటకు దిగలేదు. పాఠాలు మానలేదు. మూడేళ్ళ పాటు జీతం పుచ్చుకోవడం మాత్రం మానివేశారు. ఇంటి మీద అప్పులున్న రోజులవి. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి పూర్తి జీతం, పాత బకాయిలతో సహా ఇచ్చింది. ఆయన విద్యార్థిగా చదివింది ప్రెసిడెన్సీలో కాదు. సెయింట్ జేవియర్స్‌లో, ఆపైన ఇంగ్లండులో. ఐనా ప్రెసిడెన్సీ పేరు చెప్పగానే బెంగాలీలకు ముందు ఆయనే గుర్తుకు వస్తారు.

పేరు ప్రక్కన బ్రాకెట్లలో విశ్వవిద్యాలయం పేరు చేర్చుకొనే అలవాటు కూడా ఆ కాలం నాటిదే. ఎమ్.ఏ. అని వ్రాస్తే చాలదు, ఎమ్.ఏ. (కలకత్తా) అనాలి. సముద్రం దాటి వచ్చినవారికి (కేంటాబ్), (ఆక్సన్) అనే లాటిన్ తోకలుండేవి. గుమ్మం ప్రక్క పలక మీద ఆ తోక లేనివాడు రెండవ తరగతి విద్వాంసుడన్న లెక్క. ఈ లెక్కను తిరగవేసినవారిలో మనకు చుట్టరికం ఉన్న ఒకాయన ఉన్నారు. చంద్రశేఖర వెంకటరామన్ తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. రామన్ బాల్యమూ తొలి చదువులూ ఆ సాగరతీరంలోనే. ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1907లో ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా చేరి, తీరిక వేళల్లో బౌబజారులోని ప్రయోగశాలలో పని చేస్తుండేవారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరుగా పనిచేసిన అశుతోష్ ముఖర్జీ ఆయనను పాలిత్ ప్రొఫెసరు పదవికి ఎంచుకున్నారు. విదేశాలలో శిక్షణ పొంది రావాలన్న నియమం ఒకటి అడ్డు వచ్చింది. ఆ శిక్షణ కోసం పోనని రామన్ ఖండితంగా చెప్పారు. నియమమే సడలింది గాని ఆయన సడలలేదు. 1917లో పదవి చేపట్టారు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది. నాలుగేళ్ళ తరువాత, 1921లో, అదే అశుతోష్ ముఖర్జీ మైసూరు నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను తత్త్వశాస్త్ర పీఠానికి రప్పించారు. ఆయన చదువు వేలూరులో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. ఆయన పేరు ప్రక్కన అప్పటికి ఏ లాటిన్ తోకా లేదు.

వ్యక్తుల మర్యాద ఇలా ఉండగా, కాలేజీల మర్యాద సంగతేమిటి? పూర్వవిద్యార్థికి ఏదైనా బహుమానం రాగానే అతడు ఏడాది కూర్చున్న బల్లకు కూడా హక్కుదారులు బయలుదేరుతారు. వివేకానందుడు, అనగా నరేంద్రనాథ దత్తు, కొద్దికాలం ప్రెసిడెన్సీలో, తరువాత నేడు స్కాటిష్ చర్చి కాలేజీగా పిలువబడే చోట చదివారు. ఇద్దరూ తమవాడే అంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్లుంటుంది ఒక్కొక్కప్పుడు ఈ వ్యవహారం. ప్రెసిడెన్సీ విషయంలో ఇంకొక ముడి ఉన్నది. అది తన పట్టికలో ముందు వరుసన వ్రాసుకొనే పేర్లలో మూడింటిని ఒకనాడు తానే గుమ్మం దాటించింది.

డెరోజియో 1826లో, ఇంకా ఇరవై నిండకుండానే, హిందూ కాలేజీలో అధ్యాపకుడైనాడు. విద్యార్థులకు ప్రశ్నించడం నేర్పాడు. పిల్లలు ఆచారాలను ధిక్కరిస్తున్నారని పెద్దలు గగ్గోలు పెట్టారు. పాలకవర్గం ఆయనను సాగనంపడానికి నిశ్చయించింది. 1831 ఏప్రిల్‌లో రాజీనామా ఇచ్చాడు. అదే ఏడు డిసెంబరు 26న కలరా వచ్చి మరణించాడు, ఇరవై రెండేళ్ళకే. ఈనాడు ప్రెసిడెన్సీలో సభలు జరిగే మందిరం పేరు డెరోజియో హాలు.

మైఖేల్ మధుసూదన దత్తు 1843లో క్రైస్తవం స్వీకరించాడు. హిందూ బాలురకు మాత్రమే ప్రవేశమున్న కాలేజీలో ఆయనకిక చోటు లేకపోయింది. బిషప్స్ కాలేజీకి, అక్కడి నుండి 1848లో మద్రాసుకు తరలిపోయాడు. తొలి ఆంగ్లకావ్యం అచ్చయింది మద్రాసులోనే. తిరిగి కలకత్తా చేరాక, 1861లో మేఘనాదవధ కావ్యంతో బెంగాలీ కవిత్వం నడకనే మార్చివేశాడు.

మూడవవాడు సుభాష్ చంద్రబోస్. 1916లో ఓటెన్ అనే చరిత్ర అధ్యాపకుడు విద్యార్థులపై చేయి చేసుకున్నాడన్న ఆరోపణతో సమ్మె జరిగింది. సర్దుబాటు అయింది. ఫిబ్రవరిలో మళ్ళీ అటువంటిదే జరగడంతో కొందరు విద్యార్థులు కాలేజీ ఆవరణలోనే ఓటెన్‌ను కొట్టారు. తాను ఆ సంఘటనకు ప్రత్యక్షసాక్షినని సుభాష్ తరువాత వ్రాశారు. కాలేజీలో ఇంతటి పీడకుడు మరొకడు లేడని ప్రిన్సిపాలు ఆయనను సస్పెండు చేయగా, కృతజ్ఞతలు చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. విచారణ సంఘం ముందు కొట్టడాన్ని ఖండిస్తే శిక్ష తగ్గేదేమో. కొట్టడం సమర్థనీయం కాదు గాని, విద్యార్థులు రెచ్చిపోవడానికి బలమైన కారణాలున్నాయని చెప్పి, ఆ కారణాలన్నీ వరుసగా వినిపించారు. బహిష్కరణ వచ్చింది. కటకంలోని ఇంటికి పోయి ఏడాదికి పైగా చదువు లేకుండా గడిపారు. 1917లో అనుమతి లభించి స్కాటిష్ చర్చి కాలేజీలో చేరారు. 1919లో తత్త్వశాస్త్రంలో ప్రథమశ్రేణి తెచ్చుకున్నారు. ప్రెసిడెన్సీలో బి.ఏ. పూర్తి చేయని ఆయన పేరు లేనిదే ప్రెసిడెన్సీ కీర్తిగాథ ఎవరూ చెప్పరు.

ఓటెన్ తరువాత బెంగాల్ విద్యాశాఖలో ఉన్నతపదవి నిర్వహించి, పదవీవిరమణ చేసి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1945లో విమానప్రమాదంలో సుభాష్ మరణించినట్లు వార్త వెలువడినది. ఆ వృద్ధ అధ్యాపకుడు తన పూర్వవిద్యార్థి మీద ఒక పద్యం వ్రాశాడు. అందులో ఆయనను గ్రీకు పురాణంలో రెక్కలు కట్టుకొని సూర్యుని వైపు ఎగిరిన ఇకారస్‌తో పోల్చాడు.