ఋతుపవనాలు - శ్రీలంక యాత్ర

విజ్ఞాన యాత్రకు సంసిద్ధులయ్యే విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న "ఎక్కడికి?" అన్నది, రెండవది "ఖర్చెంత?" అన్నది. "ఎప్పుడు?" అని అడిగేవారు బహు అరుదు. సెలవులు ఎప్పుడో యాత్ర కూడా అప్పుడే అని మనం ముందుగానే నిశ్చయించుకొని ఉంటాము. శీతల దేశాలకు పోయేవారు చలిని గురించి ఆలోచిస్తారు. కాని ఉష్ణమండల దేశాలలో సంవత్సరమంతా వేడి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది గనుక ఎప్పుడు పోయినా ఒకటే అన్న అపోహ కలుగుతుంది. అక్కడ యాత్రను ఫలవంతం చేసేది గాని, భగ్నం చేసేది గాని ఉష్ణోగ్రత కాదు, గాలి, వాన. ఈ సత్యాన్ని మన పొరుగునే ఉన్న శ్రీలంకను దృష్టాంతంగా తీసుకొని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఈ విషయం నాకు పుస్తకాల వలన తెలిసినది కాదు. విద్యార్థి దశలో మేము అయిదుగురు మిత్రులము ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ముతో మే నెల చివర ఆ ద్వీపానికి వెళ్ళినాము. నైరుతి తీరంలో దిగిన మరునాటి నుండి ఎడతెగని వర్షం. మూడు దినాలు గదిలోనే గడచినవి. నాలుగవనాడు వాన తెరపి ఇవ్వగానే, తీరాన ఎర్ర జెండా ఎగురుతున్నా లక్ష్యపెట్టక, మాలో ఒకడు మోకాటి లోతు నీటిలోకి దిగినాడు. వెనుకకు లాగిన అల అతని కాళ్ళ క్రింది ఇసుకను కూడా లాగివేసినది. అక్కడి జాలరులు ఇద్దరు పరుగున వచ్చి చేయి పట్టుకొని ఒడ్డుకు చేర్చకపోయినట్లయితే ఆ ఇంటివారికి మేము ఏమని సమాధానం చెప్పి ఉండేవారమో నేటికీ ఊహించలేను. ఆ జాలరులలో పెద్దవాడు తమిళంలో అన్న మాట మాత్రం మరువలేదు: "ఇప్పుడు ఈ సముద్రం మాకే పనికిరాదు బాబూ, మీరు అటువైపు పోవలసింది." అటువైపు అంటే తూర్పు తీరం. ఆ నెలలోనే అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుందని మాకు అప్పుడుగాని తెలియలేదు.

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ విస్తీర్ణంలో మూడింట రెండు వంతులైనా లేని ఇంత చిన్న దేశంలో రెండు వానకాలాలు ఉండడానికి కారణమేమి?

వేసవిలో ఆసియా భూభాగం బాగా వేడెక్కి అక్కడ వాయుపీడనం తగ్గుతుంది. హిందూ మహాసముద్రం మీది తేమగాలి భూమధ్యరేఖను దాటి, భూభ్రమణ ప్రభావం వలన కుడివైపునకు వంగి, నైరుతి దిశ నుండి వీస్తుంది. శీతకాలంలో భూభాగం చల్లబడి గాలి దిశ తారుమారవుతుంది. ఈశాన్యం నుండి వచ్చే ఆ గాలి బంగాళాఖాతం మీదుగా పయనించేటప్పుడు తేమను సంతరించుకొంటుంది. ఈ రెండు గాలుల త్రోవలోనూ శ్రీలంక ఉన్నది. ద్వీపానికి మధ్య దక్షిణ భాగాన రెండు వేల మీటర్లకు మించిన పర్వతాలు గోడవలె నిలిచి ఉన్నవి. గాలి ఏ వైపు నుండి వచ్చి కొండనెక్కితే ఆ వైపు చల్లబడి వర్షిస్తుంది. కొండ దాటి దిగిన వైపు పొడిగాలిగా మారిపోతుంది. దీనినే వర్షచ్ఛాయ అంటారు. పడమటి కొండవాలులో కొన్నిచోట్ల ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుండగా, వాయవ్యాన మన్నారు, ఆగ్నేయాన హంబన్‌తోట ప్రాంతాలలో 1,000 మిల్లీమీటర్లు కూడా దుర్లభమే.

మన విద్యార్థులకు ఇది కొత్త సంగతి కానక్కరలేదు. తెలంగాణకు ప్రధానమైన వాన జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి వలన వస్తుంది; నెల్లూరు ప్రాంతానికి ముఖ్యమైన వాన అక్టోబరు తరువాతనే. మన రెండు ప్రాంతాలకు గల ఈ భేదమే లంకలో ఒక పూట ప్రయాణంలో కనబడుతుంది.

'ఋతుపవనం' అన్న మాటకు ఆంగ్లంలో వాడే 'మాన్సూన్' శబ్దానికి మూలం అరబీ 'మౌసిమ్'. తగిన కాలం, ఓడలు బయలుదేరదగిన వేళ అని దాని భావం. మన ఉర్దూలోని 'మౌసమ్' కూడా అదే. అరబ్బు నావికులకు వాతావరణ జ్ఞానం వినోదం కాదు, ప్రాణావసరం. 1344లో ఆ ద్వీపాన్ని సందర్శించి శ్రీపాద శిఖరాన్ని అధిరోహించిన ఇబ్న్ బతూతా వంటి యాత్రికుల రాకపోకలన్నీ ఈ గాలుల మీదనే ఆధారపడినవి. విమానాలున్న ఈ కాలంలో ఆ జ్ఞానం అనవసరమని తలచరాదు. 2023 అక్టోబరు 14న నాగపట్టణం నుండి కంకేసంతురైకి ప్రారంభమైన ప్రయాణికుల నౌక ఈశాన్య ఋతుపవనాల కారణంగా కొద్ది దినాలకే ఆగిపోయినది. మరల 2024 ఆగస్టులో గాని సాగలేదు.

అక్కడి సంవత్సరాన్ని నాలుగు భాగాలుగా విభజిస్తారు. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి కాలం. కొలంబో, గాలె, రత్నపుర, పడమటి కొండలు తడుస్తాయి. అప్పుడు త్రింకోమలి, యాఴ్పాణం, అనూరాధపురం, పొలొన్నరువ పొడిగా ఉంటాయి. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య కాలం. అప్పుడు తూర్పు, ఉత్తర భాగాలకు వాన, నైరుతి తీరానికి ఎండ. నడుమనున్న మార్చి-ఏప్రిల్, అక్టోబరు-నవంబరు నెలలు సంధికాలాలు. మొదటి సంధిలో ఉక్క, సాయంకాలపు ఉరుముల వానలు ఉంటాయి. రెండవ సంధిలో ద్వీపమంతటా వాన పడుతుంది, బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. 1977 నవంబరు 19న మన దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి, సరిగ్గా మరుసటి సంవత్సరం నవంబరులోనే లంక తూర్పు తీరాన మట్టక్కళప్పును తుపాను ధ్వంసం చేసినదంటే ఆశ్చర్యం కలుగదు.

అక్కడి తేయాకు రైతులు ఈ సూత్రాన్ని చక్కగా ఉపయోగించుకొంటారు. కొండలకు పడమట ఉన్న దింబుల ప్రాంతపు మేలైన తేయాకు జనవరి-మార్చి నెలలలో వస్తుంది. తూర్పున ఉన్న ఊవా ప్రాంతపు మేలైన ఆకు జూలై-సెప్టెంబరులలో వస్తుంది. ఏ వైపు పొడిగాలి వీస్తే ఆ వైపు ఆకుకు సువాసన. యాత్రికుడు అనుసరించవలసినది కూడా ఈ మార్గమే.

ఇక మన సెలవులకు దీనిని అన్వయించుకొందాము. సంక్రాంతి సెలవులలో పోయేవారు కొలంబో, గాలె, దక్షిణ తీరం, కొండసీమలు చూడవచ్చును. 2,243 మీటర్ల శ్రీపాద శిఖరారోహణకు డిసెంబరు పున్నమి నుండి మే పున్నమి వరకే యాత్రాకాలం గనుక అదియు అనుకూలమే. అయితే నువర ఎలియలో తెల్లవారుజామున గడ్డ కట్టించే చలి ఉండవచ్చును; ఉన్ని దుస్తులు తప్పనిసరి. వేసవి సెలవులలో, ముఖ్యంగా మే మధ్య నుండి, పడమటి తీరాన్ని విడిచి త్రింకోమలిని, ప్రాచీన నగరాలను ఎన్నుకొనవలెను. ఏప్రిల్ 13, 14 తేదీల ప్రాంతంలో సింహళ-తమిళ నూతన సంవత్సరం వస్తుంది. దుకాణాలు మూసి ఉంటాయి, బస్సులు క్రిక్కిరిసి ఉంటాయి. ఆగస్టులో వీలు దొరికినవారికి మిన్నేరియ చెరువులో నీరు తగ్గి పచ్చిక మొలచినచోట ఏనుగుల గుంపులు కనబడతాయి. దసరా సెలవులు అక్టోబరులో పడితే యాత్రను వాయిదా వేయడమే వివేకం.

ఇంత చెప్పినా ఇవి సగటు లెక్కలే గాని వాగ్దానాలు కావు. 2017 మే చివర, నైరుతి ఆరంభంలో, రత్నపుర, కళుతర మొదలైన జిల్లాలలో వరదలు వచ్చి, కొండచరియలు విరిగిపడి రెండు వందల మందికి పైగా మరణించినారు. కావున బయలుదేరే ముందు, అక్కడ ఉన్నన్ని దినాలు కూడా, ఆ దేశపు వాతావరణ శాఖ ప్రకటనలను, కొండ ప్రాంతాలకు జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే హెచ్చరికలను చూచుకొనవలెను. ప్రతి అయిదు దినాల యాత్రకు ఒక దినం ఖాళీగా ఉంచుకొనవలెను. గదులకు ముందుగానే పూర్తి సొమ్ము చెల్లించకుండా, అవసరమైతే కొండకు ఆవలి వైపునకు మారిపోయే వెసులుబాటు ఉంచుకొనవలెను. ఎర్ర జెండా ఉన్నచోట నీటిని తాకరాదు.

కళాశాల పాలకవర్గానికి నా సవినయ మనవి ఒకటి కలదు. విజ్ఞాన యాత్రల తేదీలను సెలవుల పట్టికను బట్టి మాత్రమే గాక, చేరబోయే ప్రాంతపు ఋతువును కూడా చూచి నిర్ణయించండి. భూగోళశాస్త్రం చదివే విద్యార్థులకే ఆ పరిశీలన అప్పగించండి. అది వారికి ఒక పాఠమవుతుంది, తోటివారికి రక్షణ అవుతుంది. మన పిల్లలలో అనేకులు విదేశ యాత్ర జీవితంలో ఒక్కమారే చేయగలరు. ఆ ఒక్కమారు మూసిన కిటికీ వెనుక గడచిపోకూడదు. అంతకన్న ముఖ్యంగా, వెళ్ళినవారందరూ క్షేమంగా ఇల్లు చేరవలెను.