టెలివిజను హాస్యము – కేతిగాని వారసత్వము

టెలివిజను వినోదము ప్రజల యభిరుచిని దిగజార్చుచున్నదను మాట పండితగోష్ఠులలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. అందులకుఁ జూపఁబడు హేతువులలో మోటుహాస్యము మొదటిది. పూర్వకాలపు ప్రజావినోదములు నిర్మలములనియు, గ్రామ్యత నేఁటి యంత్రమువలనఁ బుట్టినదనియు నీ వాదముయొక్క తాత్పర్యము. తెలుఁగువారి వినోదచరిత్రమును బరిశీలించినచో నిది నిలువదు. గ్రామ్యత ప్రాఁతది, దానికి లభించిన స్థానము క్రొత్తది.

తోలుబొమ్మలాట యాంధ్రదేశమున మిగులఁ బ్రాచీనము. పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునందే బొమ్మలాటలను బేర్కొనెను. రాత్రి పొడవునను సాగు నీ యాటలో, రామకథ నాడునపుడు, రంగనాథరామాయణ ద్విపదలు పాడుదురు. కథనడుమఁ గేతిగాఁడు, బంగారక్క, జుట్టుపోలిగాఁడు తెరపైకి వత్తురు. వీరి సంభాషణములు పెక్కుచోట్లఁ బచ్చిశృంగారమే. తిట్లును, తన్నులును, వికృతచేష్టలును సరేసరి. వానిని యథాతథముగా ముద్రింప నే పరిష్కర్తయు సాహసింపఁడు. ఐనను దానివలన ద్విపదకు హాని కలుగలేదు. ఈ హాస్యగాండ్రు కునికిపాట్లు పడు ప్రేక్షకుని మేల్కొలిపి, వానిని మరల రామకథ కప్పగించి తొలఁగుచుండిరి. నవ్వుటకై వచ్చినవాఁడు సీతాశోకమును, లక్ష్మణమూర్ఛను గూడ వినియే యింటికిఁ బోవలసినవాఁడు. ఆ విధముగా నిరక్షరాస్యునకు సయితము ద్విపద నడకయుఁ బురాణకథయుఁ గర్ణగతము లయ్యెను.

భరతుఁడు నాట్యశాస్త్రమున హాస్యము నాఱు విధములుగా విభజించెను. స్మితహసితము లుత్తమప్రకృతులకును, విహసితోపహసితములు మధ్యములకును, అపహసితాతిహసితము లధములకును జెప్పఁబడినవి. అతిహసితమును భరతుఁడు రంగమునుండి వెడలఁగొట్టలేదు. దానికిఁ దగిన పాత్రమును నియమించెను. నీచపాత్రప్రయుక్తమైన ప్రవేశకమునకు సయితము నాటకమున రెండంకముల నడుమఁ జోటు గలదు. బొమ్మలాటవారు శాస్త్రము చదువకయే యీ మర్యాదను బాటించిరి.

2013లో ఈటీవీయందు మొదలయిన జబర్దస్తు అను కార్యక్రమము చిఱు హాస్యనాటికల పోటీ. పురుషులు స్త్రీవేషములు దాల్చుట, రూపమును వెక్కిరించుట, ద్వ్యర్థులు పలుకుట మున్నగునవి దాని సామగ్రి. ఇవి యన్నియుఁ గేతిగాని సొమ్ములే. కాని నవ్విన పిదప మరలవలసిన రామకథ యిందు లేదు. ప్రవేశకమే నాటకమైనది. అంతేకాక న్యాయనిర్ణేతల నవ్వును మాటిమాటికిఁ జూపుటవలనఁ బ్రేక్షకుఁ డెచ్చట నవ్వవలయునో యదియు ముందే నిర్ణీతమగుచున్నది. పార్శ్వములను జేతులతో నదిమి నవ్వుట యతిహసితలక్షణమని శాస్త్రము. ఆ లక్షణ మిపుడు పాత్రమును విడిచి న్యాయపీఠ మెక్కినది.

ఈ మార్పునకు నటులను మాత్రమే నిందించుట తగదు, పోషణపద్ధతియే మాఱినది. బొమ్మలాటను గ్రామము పోషించెను. 1977లో నారంభమయిన హైదరాబాదు దూరదర్శనకేంద్రమును బ్రభుత్వము పోషించెను. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారములు మొదలయిన పిమ్మట వ్యాపారప్రకటనలే ముఖ్యపోషకము లయ్యెను. ప్రకటనల వెల ప్రేక్షకసంఖ్యనుబట్టి యుండును. ఆ సంఖ్యను 2015 నుండి బార్క్ అను సంస్థ కొన్ని యిండ్లలో నమర్చిన యంత్రములచే గణించుచున్నది. 2020 నాఁటికి దేశమున టెలివిజను గల యిండ్లు సుమారు 21 కోట్లు. యంత్రము లున్నవి సుమారు 44,000. అనఁగా దాదాపు 4,800 యిండ్ల రుచికి నొక యిల్లు సాక్షి. ఆ సాక్షియు నిమిషములనే చెప్పును. చూచినవాని మనస్సున నేమి నిలిచెనో చెప్పదు. దీనికిఁ దోడు ప్రేక్షకుని చేతిలోని మీట యొకటి. కథ కొంచెము గంభీరమైనంతనే యాతఁడు వేఱొక ప్రసారమునకుఁ బోఁగలఁడు. బొమ్మలాట ప్రేక్షకున కా సౌకర్యము లేదు. ఆ లేమియే వానికి రామాయణము నిచ్చెను.

ఐనను ఈ యంత్రము స్వభావముచేతనే నీచమనరాదు. 1996లో ఈటీవీయందే మొదలయిన పాడుతా తీయగాలో శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము గారు బాలగాయకుల యుచ్చారణమును సవరించుచు, గీతకర్తల పేర్లు చెప్పుచు, పదముల యర్థమును వివరించుచు, నడుమ నడుమఁ జతురోక్తులాడుచుండిరి. నవ్వును గలదు, నవ్విన పిదపఁ జేరవలసిన పాటయు గలదు. జనులు దానిని విసర్జింపలేదు, ఏండ్లతరబడి యాదరించిరి.

నిమ్మలకుంటలోఁ దోలుబొమ్మలు చేయు కుటుంబములవారు నేఁడు ఆ తోలుతో దీపపుఁ గప్పులును జేసి జీవించుచున్నారు. ఆట తగ్గినకొలఁదిఁ గేతిగాని మాటలతోపాటు ద్విపద పాడు వరుసలును మఱుఁగగుచున్నవి. పండితులు గ్రామ్యహాస్యమును దూషించుటకుఁ జేయు శ్రమలోఁ గొంత యా వరుసలను సేకరించుటకును, బాఠశాలలలో వినిపించుటకును వినియోగించినచో మేలు. కేతిగాఁడు తెరపై నున్నంతమాత్రమున సాహిత్యము చెడదు. వాఁడు తొలఁగిన పిదపఁ దెర శూన్యముగా నుండుటయే కీడు.