వణకు వ్యాధి – కాయకష్టము

పెద్ద అంబర్‌పేట ప్రాంతమున నాగలి పట్టిన చేతులు నేడు చాలవఱకు విశ్రాంతి గొనుచున్నవి. విజయవాడ రహదారియు ఔటరు రింగురోడ్డును కలియు చోట పెక్కు చేలు ఇండ్ల స్థలములైనవి. మిగిలిన మళ్లను ట్రాక్టరు దున్నుచున్నది. బాటసింగారము పండ్ల మార్కెట్టునకు బోవలెనన్నను మోటారుసైకిలే. ఇది సుఖమే, కాని యీ సుఖమునకు దేహము చెల్లించు వెలను గూర్చి సభ్యులకు దెలుపుట మా విధియని తలంచుచున్నాము.

1817వ సంవత్సరమున లండను వైద్యుడు జేమ్సు పార్కిన్‌సన్ వణకు వాతమును గూర్చి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. నాటినుండి కాలక్రమమున ఆ వ్యాధికి ఆతని పేరే నిలిచినది. మన ఆయుర్వేద వైద్యులు దీనిని కంపవాత మందురు. మెదడు అడుగుభాగమున నల్లని రంగు గల కణములు కొన్ని యున్నవి. అవి డోపమీన్ అను ద్రవ్యమును పుట్టించును. మన కదలికలు తడబడక సాగుటకు ఆ ద్రవ్యమే ఆధారము. ఆ కణములు క్రమముగా నశించుటయే యీ వ్యాధి. ఊరకున్నపుడు చేయి వణకుట, అడుగు మందగించుట, అవయవములు బిగిసికొనుట, వ్రాత చిన్నదగుట దీని గుర్తులు. కొందఱికి ఏండ్ల ముందే వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో చేతులు విసరుట కనబడును. ప్రతి వణకును ఈ వ్యాధి కాదు. కాని “ముసలితనము” అని త్రోసివేయుటయు తగదు.

కాయకష్టము దీనిని కొంత యడ్డగలదా? స్వీడను దేశమున 43 వేల మందికి పైగా జనులను 1997 మొదలు సుమారు 12 ఏండ్లు గమనించిరి. ఇంటిపనులకును రాకపోకల నడకకును వారమునకు 6 గంటలకు మించి వెచ్చించినవారికి, 2 గంటలలోపు వెచ్చించినవారికంటె ఈ వ్యాధి 43 శాతము తక్కువగా గనబడెను. ఫ్రాన్సు దేశమున సుమారు 95 వేల మంది స్త్రీలను పరిశీలించి 2023లో ప్రకటించిన ఫలితములలో, మిక్కిలి కష్టపడువారికి, మిక్కిలి తక్కువ కదలువారికంటె 25 శాతము తక్కువగా నుండెను.

ఇచ్చట నొక సందేహము గలదు. రోగము లోపల మొదలైనందుననే మనిషి కదలుట మానెనేమో? అందుచేతనే ఫ్రాన్సు పరిశోధకులు రోగము బయటపడుటకు పదియేండ్లకు ముందటి అలవాట్లను గూడ చూచిరి. భేదము నిలిచియే యున్నది. అయినను వ్యాయామము రోగమును తప్పక ఆపునని రుజువైనదని మేము చెప్పజాలము. కష్టజీవులకును అది వచ్చుచున్నది. ప్రమాదము తగ్గవచ్చునని మాత్రమే చెప్పదగును.

రైతులు మఱియొక మాట వినవలయును. అమెరికాలో మందులు చల్లువారిని, వారి కుటుంబములవారిని పరిశీలించి 2011లో ప్రకటించిన దానినిబట్టి, పారాక్వాట్ అను కలుపుమందునో రొటెనోన్ అను పురుగుమందునో వాడినవారికి ఈ వ్యాధి రెండున్నర రెట్లు ఎక్కువగా నుండెను. ఐరోపా సంఘపు దేశములలో 2007లో పారాక్వాట్ వాడుక నిలిచినది. కావున పొలమున కాయకష్టము మేలు చేయుననుకొని, అదే పొలమున విషమును పీల్చుట వివేకము గాదు. చేతికి తొడుగులు, మూతికి అడ్డము లేనిదే పంపు నెత్తవద్దు. గాలికి ఎదురుగా చల్లవద్దు. చల్లినబట్టలు వేఱుగా ఉదుకవలయును. ఖాళీ డబ్బాలలో నీళ్లు నింపరాదు. కలుపు తీయించుటకు వీలైనచోట మందు మానుటయే మేలు.

పొలము పని తగ్గినవారు వారమునకు 150 నిమిషములకు తగ్గకుండ వడిగా నడువవలయును. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కొలత. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములైన చాలును. స్త్రీలకును ఇదే నియమము.

వ్యాధి వచ్చినవారికిని వ్యాయామము మేలే. కాని అది ఔషధమునకు బదులు కాదు. లెవోడోపా మాత్రలను వైద్యుడు చెప్పినట్లు వాడవలయును. దూలగొండి గింజలలో ఆ ద్రవ్యమే యున్నదని విని స్వయముగా తినరాదు. మోతాదు తెలియక ముప్పు గలుగును. అనుమానమున్నవారు ఎల్.బి. నగరులో మెట్రో రైలెక్కి పంజగుట్టలో దిగినచో నిమ్సు ఆసుపత్రి దగ్గఱనే యున్నది. అచ్చట నరముల వైద్యులు గలరు.

కూర్చుండి తినిన కొండలైనను కరుగునని పెద్దలు ధనమును గూర్చి చెప్పిరి. దేహమునకును ఆ మాట చెల్లును. సభ్యులారా, రేపు సంఘమునకు వచ్చునపుడు బండి నింటనే యుంచి నడచి రండు.