కంపెనీ ఉద్యోగులు రక్తమిస్తే ఎవరికి మేలు?

"రక్తం కావాలి, మీవాళ్ళెవరినైనా పిలిపించండి" అని ప్రసూతి వార్డు బయట కూర్చున్న కుటుంబానికి చెప్పడం మా నర్సులకు చాలా కష్టమైన పని. కాన్పు తర్వాత అధిక రక్తస్రావమైతే ప్రతి నిమిషమూ విలువైనదే. ఊరినుండి బంధువులు బయలుదేరి వచ్చి, పరీక్షలన్నీ పూర్తయ్యేసరికి ఆలస్యమైపోవచ్చు. అటువంటప్పుడు ఆ తల్లిని కాపాడేది, అంతకుముందే ఎవరో ఇచ్చిపోగా బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న రక్తమే.

ఒకప్పుడు డబ్బుకు రక్తం అమ్మేవారుండేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి అది నిషేధింపబడింది. స్వచ్ఛందంగా ఇచ్చేవారిలో కాలేజీ విద్యార్థులు చాలామంది. అయితే వేసవిలో కాలేజీలకు సెలవులు. రోగాలకు సెలవులుండవు గదా! థలసీమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మే నెలైనా సరే. ఆ రోజుల్లో తెరిచి ఉండేవి ఫ్యాక్టరీలు, బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. ఆరోగ్యవంతులు వందలమంది ఒకేచోట ఉండేదీ అక్కడే.

యాజమాన్యంవారు "మా కంపెనీకి ఏమిటి ప్రయోజనం?" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. రక్తం తీసేముందు బరువు, బి.పి., హిమోగ్లోబిన్ చూస్తాము. తనకు బి.పి. ఉన్నదని మొదటిసారి శిబిరంలోనే తెలుసుకునే యువకులున్నారు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తక్కువని తేలిన స్త్రీలు రక్తం ఇవ్వలేకపోయినా, రక్తహీనతకు వైద్యం మొదలుపెట్టుకోవచ్చు. ప్రతి దాతకూ తన బ్లడ్ గ్రూపు తెలుస్తుంది. మేనేజరు, కూలిమనిషి పక్కపక్క మంచాలమీద పడుకొని, తర్వాత ఒకే బల్ల దగ్గర బిస్కెట్లు తింటారు. ఇటువంటి చనువు మీటింగులవల్ల రాదు. పొగ, లారీల దుమ్ము వల్లనే ఫ్యాక్టరీని ఎరిగిన చుట్టుపక్కల ఊళ్ళవారు దానిని మరో విధంగా తలచుకుంటారు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజసేవకు ఖర్చు చేయాలి. ఉద్యోగులు సేవకిచ్చిన గంటలకు వెలకట్టి ఆ ఖర్చులో చూపకూడదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. మాకైతే ఇది మంచిదనే తోస్తుంది. డబ్బు డబ్బే, మనిషి శ్రమ శ్రమే.

అయితే ఒక్క విషయంలో మేము గట్టిగా చెప్పదలచాము. పై అధికారి పేర్లు రాసి పంపితే అది దానం కాదు. అధికారికి భయపడి వచ్చినవాడు ఇటీవల వచ్చిన కామెర్ల సంగతి దాచవచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్ వంటి వాటికి ప్రతి సంచీనీ పరీక్షిస్తారు గాని, వ్యాధి సోకిన తొలిరోజుల్లో పరీక్షకు అందకపోవచ్చు. కాబట్టి దాత నిజం చెప్పడమే రోగికి మొదటి రక్షణ. ఎవరు ఇవ్వలేదు, ఎందుకివ్వలేదు అని ఆఫీసులో ఆరా తీయకూడదు. నగదు బహుమతులు అసలే వద్దు.

శిబిరాలన్నీ అక్టోబరు 1న, అంటే జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినాన, పెట్టుకోవడం కూడా ఇబ్బందే. ఎర్రకణాలు 35 నుండి 42 రోజులు నిలువ ఉంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒక్కరోజే గుట్టగా వస్తే కొంత వృథా కాక తప్పదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క నెల, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలు, ఎంచుకుంటే బాగుంటుంది.

18 నుండి 65 ఏళ్ళవారు, 45 కిలోలకు తగ్గని బరువున్నవారు ఇవ్వవచ్చు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. రాత్రి షిఫ్టు దిగి ఖాళీ కడుపుతో రావద్దు. రక్తమిచ్చిన రోజు ఎత్తుమీద ఎక్కి చేసే పని, లారీ నడపడం వద్దు. ఆ మాట సూపర్‌వైజర్లకు ముందే చెప్పి ఉంచాలి.

మీలో ఎవరి కంపెనీలోనైనా శిబిరం పెట్టదలిస్తే, లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకుకు నెలరోజుల ముందే తెలియజేయండి. గాలి వచ్చే హాలు, కొన్ని బల్లలు, త్రాగునీరు, దగ్గరలో మరుగుదొడ్డి మీరు చూసుకోండి. మిగిలిన సామాను, సిబ్బంది వారే తెచ్చుకుంటారు.