మాటకూ ఒక బస్సు కావాలి

మా షార్ట్ ఫిలిం మొదటిసారి క్లబ్ గదిలో వేసిన రోజు, అమ్మ పాత్ర వేసిన మెస్ ఆంటీ కూడా వచ్చి కూర్చుంది. చివరి సీన్‌లో ఆమె చెప్పే ఒక్క మాట కోసమే మేం కథంతా రాసుకున్నాం. తీరా ఆ మాట వచ్చేసరికి వాన చప్పుడూ వయొలినూ కలిసి దాన్ని మింగేశాయి. "నా మాట తీసేశారా బాబూ?" అని అడిగింది. ఎడిటింగ్ నాది. ఏం చెప్పాలో తెలీలేదు.

టైమ్‌లైన్‌లో 14 ట్రాకులున్నాయి: మాటలు 4, శబ్దాలు 6, సంగీతం 4. సంగీతం తగ్గించాలంటే నాలుగు ఫేడర్లూ విడివిడిగా లాగేవాణ్ణి. ఒకటి తగ్గిస్తే ఇంకోటి ఎక్కువనిపించేది. రాత్రి రెండయినా పని మళ్లీ మొదటికే వచ్చేది.

అప్పుడు తెలిసింది మిక్స్ బస్ సంగతి. ట్రిపుల్ ఈ వాళ్లకు బస్‌బార్ తెలుసు, సీఎస్ఈ వాళ్లకు డేటా బస్ తెలుసు. మనం ఊరికెళ్లే ఆర్టీసీ బస్సుతో సహా వీటన్నిటికీ మూలం 'ఆమ్నిబస్' అనే లాటిన్ మాట. 'అందరి కోసం' అని దానర్థం. ఆడియోలోనూ అంతే. కొన్ని ట్రాకుల్ని ఒకచోట కలిపి, ఒకే ఫేడర్‌తో నడిపించే దారే బస్.

డావిన్చి రిజాల్వ్‌లో అయితే ఫెయిర్‌లైట్ పేజీకి వెళ్లండి. ఫెయిర్‌లైట్ మెనూలోని 'బస్ ఫార్మాట్'లో మూడు కొత్త బస్సులు చేర్చి మాటలు, శబ్దాలు, సంగీతం అని పేర్లు పెట్టండి. తర్వాత 'బస్ అసైన్'లో ఏ ట్రాక్ ఏ బస్ ఎక్కాలో చెప్పండి. చివరికి ఆ మూడింటినీ మెయిన్ బస్‌లోకి పంపండి. వెర్షన్ 17తో వచ్చిన ఫ్లెక్స్‌బస్ పద్ధతిలో ఇలా ఒక బస్‌ను ఇంకో బస్‌లోకి పంపొచ్చు.

నేను బోల్తా పడింది ఇక్కడే. సంగీతం బస్ ఫేడర్ పూర్తిగా కిందికి లాగినా వయొలిన్ వినిపిస్తూనే ఉంది! కారణం ఏంటంటే, ట్రాకులు మామూలుగా ముందే మెయిన్ బస్‌కి కలిపి ఉంటాయి. కొత్త దారి వేశాను గానీ పాత దారి మూయలేదు. అదే సిగ్నల్ రెండు దారుల్లో వచ్చి కలిస్తే ఆంప్లిట్యూడ్ రెట్టింపవుతుంది, అంటే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పాత టిక్ తీసేశాక గానీ ఫేడర్ నా మాట వినలేదు.

ఆ తర్వాత పని తేలికైంది. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. సంగీతం బస్ మీద ఒక్క ఈక్వలైజర్ పెట్టి అక్కడ కొంచెం తగ్గించాను. నాలుగు ట్రాకులకూ నాలుగు పెట్టాల్సిన పని తప్పింది.

ఇంకో లాభం కూడా ఉంది. రేపు ఎవరైనా మన సినిమాని హిందీలోకి డబ్ చేస్తామంటే, మాటల బస్ ఆపేసి మిగతా రెండూ ఇస్తే చాలు. డబ్బింగ్ సినిమాలకు 'ఎం అండ్ ఈ' ట్రాక్ అని ఇచ్చేది ఇదే.

కాబట్టి ఫేడర్ ముట్టుకునే ముందు ఒక కాగితం మీద దారులు గీసుకోండి. ప్రతి ట్రాక్ నుంచి ఒక్కటే గీత బయటికి రావాలి.

రెండోసారి వేసినప్పుడు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మాట వినపడింది. ఆంటీ ఏమీ అనలేదు, "ఇంకోసారి వెయ్యి బాబూ" అంది అంతే.