పచ్చికలో పొంచివున్న తుంగ

ఉక్కు కర్మాగారానికి స్థలమైనా దొరకని 1902లోనే జంషెట్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ వ్రాశారు. కట్టబోయే నగరంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే వృక్షాలు ఉండాలనీ, పచ్చికకూ తోటలకూ చాలినంత చోటు విడిచిపెట్టాలనీ అందులో కోరారు. 1919లో ఆయన పేరిట జంషెడ్‌పూర్ అయిన ఆ నగరంలో, ఇంటిముందు పచ్చిక పెంచుకొనేవారికి ఏటా వర్షాకాలంలో ఒక శత్రువు ఎదురవుతుంది. అదే తుంగ.

చూపునకు అది గడ్డివలెనే ఉంటుంది. పూకాడను వ్రేళ్ళ మధ్య త్రిప్పి చూస్తే మూడు అంచులు తగులుతాయి. గడ్డికి అవి ఉండవు. ఈ భేదం తెలియడం ముఖ్యం. తుంగ ప్రాణం ఆకులో లేదు, నేలలోని దుంపలో ఉన్నది. ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు ఈ దుంపలే. ఒక దుంప నుండి సన్నని కాడలు సాగి, గొలుసువలె మరికొన్ని పుడతాయి. పైమొక్కను పెరికి ఆ గొలుసును త్రెంచితే, నిద్రించే దుంపలు మేల్కొని మొలకెత్తుతాయి.

అందువల్ల వానకు నేల మెత్తబడినపుడు మొక్క చుట్టూ లోతుగా త్రవ్వి, దుంపలను ఏరివేయాలి. తరువాత వచ్చే మొలకలను రెండు మూడు వారాలకొకసారి తీసివేస్తూ ఉంటే, మిగిలిన దుంపలలోని శక్తి క్రమంగా హరించిపోతుంది. గ్లైఫోసేట్ వంటి మందు తుంగతోపాటు గరికనూ చంపుతుంది.

తుంగకు నీడ గిట్టదు. కనుక కలుపు తీసిన చోట వెంటనే గరిక కణుపులు నాటి, దట్టంగా అల్లుకోనివ్వాలి. నేల ఖాళీగా ఉండదు. గరిక కాకుంటే తుంగ దానిని ఆక్రమిస్తుంది.