టపాసులకి మోగి, దొంగకి మోగని అలారం ఎందుకు? కార్ సెన్సర్లు ఎంచుకునే ముందు ఇవి చూడండి

దీపావళి రాత్రి ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా వెళ్లి చూడండి. బయట ఒక్క లక్ష్మీ బాంబు పేలితే లోపల నాలుగు కార్లు అరుస్తాయి. ఓనర్లు బాల్కనీలోంచే రిమోట్ నొక్కి ఆపేస్తారు. వాచ్‌మన్ తల కూడా తిప్పడు. నా దృష్టిలో అసలు సమస్య ఇదే. వారానికి మూడుసార్లు ఊరికే మోగే అలారం, నిజంగా దొంగ వచ్చినప్పుడు మోగినా ఎవరూ లేవరు. అందుకే బేస్ వేరియంట్ తీసుకుని బయట షాపులో అలారం పెట్టించాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే. సైరన్ ఎన్ని డెసిబెల్స్ అని అడగకండి, లోపల ఏయే సెన్సర్లు ఉన్నాయో అడగండి.

ముందుగా ఎవరూ పట్టించుకోని ఐటమ్: డోర్ స్విచ్. డోర్ తెరిస్తే లోపల లైట్ వెలుగుతుంది కదా, ఆ స్విచ్చే. తప్పుడు అలారం దాదాపు ఇవ్వదు. ఇబ్బందల్లా బానెట్‌తోనే. చాలా బేస్ మోడల్స్‌లో బానెట్‌కి స్విచ్ ఉండదు. బానెట్ లేపి బ్యాటరీ టెర్మినల్ పీకేస్తే మీ అలారం కథ ముగిసినట్టే. కాబట్టి బానెట్ స్విచ్ విడిగా పెట్టించండి, సైరన్ కూడా లోపల సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి. ఈ రెండూ లేకుండా మిగతా సెన్సర్ల మీద డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

ఇక షాక్ సెన్సర్. మన మార్కెట్లో అలారం కిట్ అంటే ఎక్కువగా ఇదే. చాలావాటిలో ఒక పీజో ముక్క ఉంటుంది, బాడీ అదిరితే అందులో వోల్టేజ్ పుడుతుంది. సింగిల్ స్టేజ్ అయితే చిన్న తాకిడికీ, పెద్ద దెబ్బకీ ఒకటే గోల. డ్యుయల్ స్టేజ్ అయితే చిన్నదానికి రెండు మూడు కూతలు కూసి ఆగిపోతుంది, గట్టి దెబ్బకే పూర్తి సైరన్. రేటు కాస్త ఎక్కువైనా డ్యుయల్ స్టేజే తీసుకోండి. పక్కనుంచి బుల్లెట్ బండి వెళ్లినా, బానెట్ మీద పిల్లి దూకినా కాలనీ మొత్తం లేవదు.

సెన్సర్ ఎంత మంచిదైనా, బిగించిన చోటు తప్పయితే వేస్ట్. డాష్‌బోర్డ్ కింద వైర్ల గుత్తికి జిప్ టైతో కట్టేసి వెళ్లిపోయే ఫిట్టర్లు ఉంటారు. వైర్లు మెత్తగా ఉంటాయి, అదురుని మింగేస్తాయి. దాంతో సెన్సిటివిటీ ఫుల్‌గా పెంచుతారు, అప్పుడు ఉరుముకి కూడా మోగుతుంది. బాడీ లోహానికి స్క్రూతో గట్టిగా బిగించమనండి. తర్వాత అలారం ఆన్ చేసి ఒక నిమిషం ఆగి, నాలుగు పిల్లర్ల మీద అరచేత్తో ఒకే బలంతో తట్టండి. ముందు మోగి వెనక మోగకపోతే చోటు మార్చాల్సిందే. ఈ టెస్ట్ షాపులో కాదు, మీరు రోజూ రాత్రి కార్ పెట్టే చోట చేయండి. లారీలు తిరిగే మెయిన్ రోడ్డుకీ సెల్లార్‌కీ ఒకే సెట్టింగ్ పనికిరాదు.

అల్లాయ్ వీల్స్ వేయించి, కార్ రోడ్డు మీద పెట్టేవాళ్లు టిల్ట్ సెన్సర్ గురించి ఆలోచించాలి. నిదానంగా జాకీ ఎత్తితే పెద్ద కుదుపు ఉండదు, షాక్ సెన్సర్‌కి అది తెలియకపోవచ్చు. టిల్ట్ సెన్సర్ చూసేది కుదుపుని కాదు, కోణాన్ని. మన ఫోన్‌లో స్క్రీన్ తిప్పే యాక్సిలరోమీటర్ లాంటిదే ఇందులోనూ ఉంటుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, ఒక పక్క బాడీ 5 సెంటీమీటర్లు లేచేసరికి దాదాపు 2 డిగ్రీల తేడా వస్తుంది. టైర్ ఇంకా నేలను వదలకముందే పట్టేయొచ్చన్నమాట. లాక్ చేసిన ప్రతిసారీ అప్పటి కోణాన్నే సున్నాగా తీసుకునే మోడల్ కొనండి, లేకపోతే ఘాట్ రోడ్డు పక్కన ఆపినప్పుడు తిప్పలే. మాల్స్‌లో కార్లని పైకెత్తే లిఫ్ట్ పార్కింగ్ ఉంటుంది చూడండి, అక్కడ దీన్ని ఆఫ్ చేసే బటన్ కూడా కావాలి.

అల్ట్రాసోనిక్ సెన్సర్ క్యాబిన్ లోపల కాపలా. మామూలుగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవికి వినపడని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిలో మార్పు చూస్తుంది. అద్దం పగలగొట్టి చెయ్యి పెడితే పట్టేస్తుంది. కానీ ఎండాకాలం అద్దం రెండంగుళాలు దించి వెళ్లే మన అలవాటు దీనికి పడదు. గాలికీ, మిర్రర్‌కి వేలాడే బొమ్మకీ కూడా మోగొచ్చు. సాఫ్ట్ టాప్ జీపుల్లాంటి వాటికి మైక్రోవేవ్ సెన్సర్ నయం, గాలి దాన్ని కదిలించదు. కాకపోతే మైక్రోవేవ్ గుడ్డలోంచీ గాజులోంచీ దూసుకెళ్తుంది కాబట్టి రేంజ్ తగ్గించకపోతే పక్కన నడిచేవాళ్లకీ మోగుతుంది. గ్లాస్ బ్రేక్ మైక్ మాత్రం నేను పెట్టించను. డ్యుయల్ స్టేజ్ షాక్ సెన్సర్ ఉన్న కార్లో దానికి పెద్ద పనుండదు.

కీలెస్ ఎంట్రీ కార్ ఉన్నవాళ్లకి ఒక చేదు విషయం. రిలే దాడిలో దొంగలు ఇంట్లో ఉన్న మీ కీ సిగ్నల్‌ని కార్ దాకా మోసుకొస్తారు. కార్‌కి మాత్రం ఓనర్ వచ్చినట్టే లెక్క, ఫ్యాక్టరీ అలారం మర్యాదగా ఆఫ్ అవుతుంది. పైన చెప్పిన సెన్సర్లలో ఏదీ దీన్ని ఆపదు. కీని సిగ్నల్ బయటికి పోనివ్వని పౌచ్‌లో పెట్టండి, గేర్ లాక్ వేయండి.

చివరిగా బ్యాటరీ. సిస్టమ్ నిద్రలో 20 మిల్లీయాంప్స్ లాగితే రోజుకి 0.48 యాంపియర్ అవర్. 45 యాంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఖాళీ అవడానికి, ఇంకేదీ వాడకపోయినా, దాదాపు 47 రోజులు. 60 మిల్లీయాంప్స్ అయితే 16 రోజులకే. సంక్రాంతికి కార్ ఇక్కడ వదిలేసి ట్రైన్‌లో ఊరెళ్లి నెల ఉండిపోయేవాళ్లు బిల్లు కట్టేముందు ఫిట్టర్ చేత మల్టీమీటర్ పెట్టించి ఈ నంబర్ చూపించమనండి. వైర్లు కోసి టేప్ చుట్టకుండా కప్లర్లతో కలుపుతారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. వారంటీ గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఆ టేప్ దగ్గరే.